ఎవర్నీ అడక్కుండా చేరగలమా?

నగర రవాణా మ్యాపు.. ఉద్యోగార్థికి దాంతో పనేంటి?

హాల్‌టికెట్ డౌన్‌లోడ్ అయింది. సెంటర్ ఎక్కడా అని చూస్తే ఎప్పుడూ వినని కాలనీ పేరు. గుర్తు కోసం దాని కింద ఓ గుడో, పెట్రోలు బంకో ఇచ్చారు. 'నిమిషం ఆలస్యమైనా అనుమతించం' అన్న హెచ్చరిక కూడా ఆ కాగితం మీదే ఉంది. మీరుండేది అశోక్‌నగర్‌లోని హాస్టల్లో. సిటీకి వచ్చి మూడు నెలలైంది. తెలిసిన దారులు మూడే.. గది, కోచింగ్, చిక్కడపల్లి లైబ్రరీ. ఇప్పుడేం చేస్తారు?

ముందు పక్క గదిలోని సీనియర్‌ని అడుగుతారు. ఆయన ఓ బస్సు నంబరు చెబుతాడు. మెస్‌లో ఇంకొకరు 'అది అటు పోదు, కోఠి వెళ్లి మారాలి' అంటారు. ఫోన్‌లో చూస్తే మూడో దారి కనిపిస్తుంది. పరీక్ష ఆదివారం కాబట్టి ఆ రోజు బస్సులు మామూలుగానే తిరుగుతాయా అన్నది మరో అనుమానం. చివరికి నలుగురు కలిసి ఆటో మాట్లాడుకుంటారు. ఇంటి నుంచి వచ్చిన డబ్బుతో నెలంతా సర్దుకునేవాళ్లకు అది చిన్న ఖర్చేం కాదు. తీరా అక్కడికి చేరాక చూస్తే, సెంటర్ ముందు నుంచే సిటీ బస్సు వెళ్తుంటుంది!

ఇలాంటప్పుడు బస్సు లేదని అనలేం. ఉంది. అది ఎటు వెళ్తుందో కొత్తవాళ్లకు చెప్పే ఏర్పాటే లేదు. పెద్ద నగరాల రవాణా గురించి చర్చ వచ్చినప్పుడల్లా కొత్త లైన్లు, కొత్త బస్సులు, ఫ్లైఓవర్ల గురించి మాట్లాడతాం. ఉన్నవాటిని వాడుకోవడానికి కావాల్సిన మ్యాపు సంగతి ఎవరూ ఎత్తరు. ఉద్యోగం వెతుక్కునేవారికి ఇది చాలా దగ్గరి విషయం. ఎందుకో చూద్దాం.

బస్ భవన్ పక్కనే ఉన్నా..

మీరుండే ముషీరాబాద్ ప్రాంతానికి ఓ ప్రత్యేకత ఉంది. ఆర్టీసీ ప్రధాన కార్యాలయం బస్ భవన్ ఇక్కడే. చౌరస్తా పేరే ఆర్టీసీ క్రాస్ రోడ్స్. 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమైన జేబీఎస్-ఎంజీబీఎస్ మెట్రో మార్గంలో ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ వరసగా నాలుగు స్టేషన్లు. నగరంలో ఇంత సదుపాయం ఉన్న ప్రాంతాలు ఎన్నో లేవు.

అయినా ఓసారి మీ దగ్గర్లోని బస్టాపులో నిలబడి చుట్టూ చూడండి. షెల్టర్ ఉంటుంది, ప్రకటన ఉంటుంది. కొన్నిచోట్ల స్టాపు పేరు, కొన్ని నంబర్లు కనిపిస్తాయి. ఆ నంబరు బస్సు ఏయే వీధుల మీదుగా వెళ్తుంది, ఎక్కడ దిగితే దేనికి మారొచ్చు, చివరి బస్సు ఎన్నింటికి? ఇవి మాత్రం చాలా స్టాపుల్లో కనిపించవు. తెలిసినవాళ్ల నోటి మాటే మనకు మ్యాపు.

మెట్రో స్టేషన్‌లోకి అడుగుపెడితే సీన్ మారిపోతుంది. గోడ మీద మూడు రంగుల్లో మ్యాపు ఉంటుంది. తొలి దశలో సుమారు 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు.. అన్నీ ఒక్క బొమ్మలో. చదవడం వస్తే చాలు, ఎవర్నీ అడగక్కర్లేదు.

ఆ బొమ్మ విలువేంటో ఓ ఉదాహరణతో చూడండి. చిక్కడపల్లి నుంచి హైటెక్ సిటీలో ఇంటర్వ్యూకి వెళ్లాలి. మామూలుగా మనసు కోఠి వైపే లాగుతుంది. అలా వెళ్తే మూడో స్టేషన్ ఎంజీబీఎస్‌లో రెడ్ లైన్‌కి మారాలి. అక్కడి నుంచి తొమ్మిదో స్టేషన్ అమీర్‌పేట. అక్కడ దిగి మళ్లీ బ్లూ లైన్ ఎక్కాలి. అంటే రెండు మార్పులు. దీనికి బదులు ఉత్తరం వైపు రైలెక్కితే ఐదో స్టేషన్ పరేడ్ గ్రౌండ్. అక్కడ బ్లూ లైన్ పట్టుకుంటే మరో ఐదు స్టేషన్లలో అమీర్‌పేట, అదే రైల్లో నేరుగా హైటెక్ సిటీ. ఒక్కటే మార్పు, రెండు స్టేషన్లు తక్కువ కూడా. వెనక్కి వెళ్తున్నట్టు అనిపించే దారే సులువైన దారి. ఈ సంగతి మ్యాపు చూస్తే అర నిమిషంలో తెలుస్తుంది. నోటి మాట మీద ఆధారపడితే ఏడాదికి కూడా తెలియకపోవచ్చు.

బస్సుకి మ్యాపు ఎందుకు కష్టం?

మెట్రోకి పట్టాలున్నాయి, మూడే లైన్లున్నాయి. బస్సుల పరిస్థితి వేరు. వందల రూట్లు, వాటికి మళ్లీ అక్షరాల తోకలు. సికింద్రాబాద్ నుంచి మెహదీపట్నానికి 49ఎం వెళ్తుంది. ఉప్పల్ నుంచి మెహదీపట్నం వెళ్లేది 113ఎం. చివర 'ఎం' ఉంటే మెహదీపట్నం అని ఓ సూత్రం పట్టుకునేలోపే, సికింద్రాబాద్-మెహదీపట్నం మధ్యే తిరిగే 5కె ఎదురవుతుంది. పోనీ 'కె' అంటే కోఠి అనుకుందామా? కోఠి నుంచి కొండాపూర్ వెళ్లే 127కె వస్తుంది. రెండు చివరలూ 'కె'తోనే మొదలవుతాయి మరి, ఆ అక్షరం ఎవరిది? ఏళ్ల తరబడి తిరిగేవాళ్లకు ఇదంతా కంఠతా వచ్చు. కొత్తగా వచ్చినవారికి అది రహస్య లిపి.

పేర్లతోనూ తికమకే. 'మెట్రో ఎక్కు' అంటే రైలా, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సా? వేలమంది అభ్యర్థులకు తెలిసిన అశోక్‌నగర్ పేరుతో మెట్రో స్టేషన్ లేదు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోనో, చిక్కడపల్లిలోనో దిగి నడవాలని ముందే తెలిసుండాలి.

ఇంకో కారణం యాజమాన్యాలు. సిటీ బస్సులు ఆర్టీసీవి. 2003 ఆగస్టులో మొదలైన ఎంఎంటీఎస్ రైళ్లు దక్షిణ మధ్య రైల్వేవి. మెట్రోది వేరే వ్యవస్థ. షేర్ ఆటోలు ఎవరి లెక్కలోకీ రావు. ఎవరి మ్యాపు వారు వేసుకుంటే అందులో మిగతావాళ్లు ఉండరు. ప్రయాణికుడికి మాత్రం ఇవన్నీ కలిపితేనే ఒక్క ప్రయాణం.

మరి ఫోన్ ఉంది కదా?

'ఇంకా కాగితం మ్యాపులేంటి?' అని మీకు అనిపించొచ్చు. ప్రశ్న న్యాయమైనదే. గూగుల్ మ్యాప్స్ ఉంది. ఆర్టీసీ 2023 ఆగస్టులో 'గమ్యం' యాప్ తెచ్చింది, బస్సు ఎక్కడుందో అందులో చూసుకోవచ్చు. వీటివల్ల మేలు జరిగిందనడంలో సందేహం లేదు.

అయితే రెండు విషయాలు గమనించండి. ఒకటి, పరీక్ష రోజు ఫోన్ మీ చేతిలో ఉండకపోవచ్చు. సెంటర్‌లోకి అనుమతి లేదని దాన్ని గదిలోనే వదిలేసి బయల్దేరేవాళ్లు ఎందరో! దారి బాగా తెలిసుండాల్సిన రోజే ఫోన్ దగ్గరుండదు. రెండోది ఇంకా ముఖ్యం. ఇక్కడి నుంచి అక్కడికి ఎలా వెళ్లాలని అడిగితే ఫోన్ ఆ ఒక్క ప్రయాణానికి జవాబిస్తుంది. గది ఎక్కడ తీసుకుంటే మంచిది, ఏయే ప్రాంతాల్లో ఉద్యోగానికి దరఖాస్తు చేయొచ్చు.. ఇవి ఒక్క ప్రయాణంతో తేలేవి కావు. వాటికి నగరం మొత్తం ఒక్కచోట కనపడాలి.

గంటలో చేరే ఉద్యోగాలే మీ ఉద్యోగాలు

నగరంలో ఎన్ని ఖాళీలున్నా, మీ గది నుంచి గంట, గంటన్నరలో చేరగలిగినవే మీకు అందుబాటులో ఉన్నట్టు లెక్క. ఫలానా చోట నుంచి నిర్ణీత సమయంలో ఎన్ని ఉద్యోగాలను చేరుకోవచ్చు అన్నదాన్ని రవాణా ప్రణాళికలు వేసేవాళ్లు ఓ ముఖ్యమైన కొలమానంగా చూస్తారు. దారి తెలియకపోతే ఆ సంఖ్య దానంతటదే తగ్గిపోతుంది. కొండాపూర్‌లో ఆఫర్ వస్తే 'అమ్మో, అంత దూరమా' అని వదులుకునేవాళ్లలో కొందరికి నిజంగానే దూరం. మిగతావారికి దారి తెలియదు, అంతే.

అమ్మాయిల విషయంలో ఇది ఇంకా బరువైన లెక్క. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంతో తెలంగాణ మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. దీనివల్ల వచ్చిన ఓ మార్పును చాలామంది గమనించలేదు. ఇదివరకు బస్సు మారితే మరో టికెట్ కొనాలి కాబట్టి నేరుగా వెళ్లే బస్సు కోసమే ఎదురుచూసేవారు. ఇప్పుడు రెండు బస్సులు మారినా ఖర్చు లేదు. అంటే చేరగలిగే చోట్లు పెరిగాయి. కానీ ఎక్కడ దిగి దేనికి మారాలో తెలియాలి కదా? టికెట్ ఉచితమైంది, సమాచారం మాత్రం ఇంకా అందరికీ అందలేదు. సాయంత్రం షిఫ్ట్ అయ్యాక చివరి బస్సు ఎన్నింటికో స్పష్టంగా చెప్పగలిగితే ఇంట్లోవాళ్లను ఒప్పించడమూ తేలికవుతుంది. చాలా ఇళ్లలో ఉద్యోగానికి 'సరే' అన్న మాట ఆ ఒక్క వివరం మీదే ఆగిపోతుంది.

నైరోబీ విద్యార్థులు ఏం చేశారు?

కెన్యా రాజధాని నైరోబీ ప్రజల ప్రయాణాలు ఎక్కువగా 'మటాటు'లనే ప్రైవేటు మినీ బస్సుల మీదే సాగుతాయి. మన షేర్ ఆటోల్లాగే వాటికి పక్కా టైంటేబుల్ ఉండదు, అన్ని స్టాపులకూ బోర్డులుండవు. రూట్లన్నీ డ్రైవర్ల తలల్లోనే ఉండేవి. నైరోబీ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఫోన్లు పట్టుకుని ఆ బండ్లెక్కి తిరిగారు. దారిని జీపీఎస్‌లో నమోదు చేశారు, ఆగిన ప్రతి చోటునూ గుర్తించారు. అమెరికాలోని ఎంఐటీ, కొలంబియా విశ్వవిద్యాలయాలు ఇందులో భాగస్వాములు. 'డిజిటల్ మటాటూస్' పేరుతో సాగిన ఈ ప్రాజెక్టు ఫలితంగా 2014 జనవరిలో 130కి పైగా రూట్లతో మ్యాపు విడుదలైంది. నగర పాలకులు దాన్ని అధికారిక మ్యాపుగా తీసుకున్నారు. 2015లో ఆ వివరాలు గూగుల్ మ్యాప్స్‌లోకీ చేరాయి. మెక్సికో నగరంలోనైతే 2016లో బస్సు రూట్ల నమోదును ఓ ఆటలా మార్చి జనంతోనే చేయించారు.

ఈ పనికి పెద్ద యంత్రాలేం వాడలేదు. విద్యార్థులు, ఫోన్లు, ఓపిక.. ఇవే పెట్టుబడి. ఆర్టీసీకి రూట్లు, వేళలు, డిపోలు, వాహనాల ట్రాకింగ్ అన్నీ ఉన్నాయి. నైరోబీ సున్నా నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. మనకు సగం పని ముందే అయిపోయింది.

మ్యాపు వెనక ఉండే భాష

మ్యాపు అంటే బొమ్మ మాత్రమే అనుకోవద్దు. దాని వెనక డేటా ఉంటుంది. 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగర రవాణా సంస్థ ట్రైమెట్, గూగుల్ కలిసి దీనికో పద్ధతి తయారుచేశాయి. దాన్నే ఇప్పుడు జీటీఎఫ్ఎస్.. అంటే జనరల్ ట్రాన్సిట్ ఫీడ్ స్పెసిఫికేషన్ అంటున్నారు. వినడానికి పెద్ద పేరే కానీ లోపల ఉండేవి మామూలు టెక్స్ట్ ఫైళ్లు. ఒకదాంట్లో స్టాపుల పేర్లు, అక్షాంశ రేఖాంశాలు. మరోదాంట్లో రూట్లు. ఇంకోదాంట్లో ఏ స్టాపుకు ఏ ట్రిప్పు ఎన్నింటికి వస్తుందన్నది. ఎక్సెల్ తెలిసినవారు ఎవరైనా తెరిచి అర్థం చేసుకోవచ్చు.

ఈ ఫైళ్లను అందరికీ అందుబాటులో పెడితే యాప్‌లు ఎవరైనా తయారుచేయొచ్చు, మ్యాపులు ఎవరైనా గీయొచ్చు. 2018లో కొచ్చి మెట్రో తన సమాచారాన్ని ఇలాగే తెరిచిపెట్టింది. అదే ఏడాది దిల్లీ ప్రభుత్వం ట్రిపుల్‌ఐటీ-దిల్లీతో కలిసి బస్సుల వివరాలను 'ఓపెన్ ట్రాన్సిట్ డేటా' పేరుతో విడుదల చేసింది. హైదరాబాద్ మెట్రో సమాచారం కూడా తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్‌లో ఈ రూపంలో ఉంది. ఆసక్తి ఉంటే దించుకుని చూడండి. చిక్కడపల్లి స్టేషన్ ఓ వరసగా, రెండు అంకెలుగా కనిపిస్తుంది.

ఏం జరగాలి?

కొత్త చట్టాలేం అవసరం లేదు. ప్రజలు అడగకముందే ప్రభుత్వ సంస్థలు సమాచారాన్ని వెల్లడించాలని సమాచార హక్కు చట్టం-2005లోని సెక్షన్ 4 ఇప్పటికే చెబుతోంది. బస్సు రూటు, వేళల కంటే ప్రజలకు పనికొచ్చే సమాచారం ఏముంటుంది? వేర్వేరు రవాణా సంస్థలను సమన్వయం చేసే ఉమ్మడి సంస్థ ఉండాలని 2017 మెట్రో రైలు విధానం కోరుతోంది. హైదరాబాద్‌లో హెచ్‌ఎండీఏ పరిధిలో 'హుమ్టా' ఉంది. బస్సు, మెట్రో, ఎంఎంటీఎస్ మూడూ ఉన్న ఒకే మ్యాపును తయారుచేయించే బాధ్యత దానికివ్వొచ్చు.

నగరం మొత్తం ఒకే కాగితం మీద పట్టదు. ప్రాంతాలవారీగా వేసి, ఆ మ్యాపును అక్కడి స్టాపుల్లోనే తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్‌లో అతికిస్తే చాలు. ఏ తేదీన సరిచూశారో కింద రాయాలి. తప్పు మ్యాపు అసలు లేకపోవడం కంటే ప్రమాదం. ఇక నియామక సంస్థలు కూడా ఓ చిన్న పని చేయొచ్చు. హాల్‌టికెట్ మీద సెంటర్ చిరునామాతోపాటు దగ్గరి బస్టాపు, అక్కడికి వచ్చే బస్సు నంబర్లు, దగ్గరి మెట్రో స్టేషన్ ముద్రించాలి. ఒక్క లైను ఖర్చు. దానివల్ల గేటు బయట మిగిలిపోయే అభ్యర్థి ఒక్కరు తగ్గినా ఒకరి ఏడాది నిలబడినట్టే.

ఈ పనిలో ఉద్యోగాలున్నాయా?

ఉన్నాయి. మ్యాపింగ్ రంగంలో హైదరాబాద్‌కు ముందు నుంచీ పట్టుంది. బాలానగర్‌లో ఇస్రోకు చెందిన ఎన్ఆర్ఎస్‌సీ, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉన్నాయి. 1991లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్‌గా మొదలైన సైయంట్ తొలినాళ్లలో ఎదిగింది ఈ పనులతోనే. 2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపింగ్‌పై ఆంక్షలు సడలించింది. భారతీయ సంస్థలు చాలావరకు ముందస్తు అనుమతులు లేకుండానే మ్యాపులు తయారుచేసుకునే వీలు కల్పించింది. 2022 డిసెంబరులో జాతీయ జియోస్పేషియల్ విధానం వచ్చింది.

చదువు పరంగా చూస్తే.. సివిల్ ఇంజినీరింగ్ వాళ్లకు వరంగల్ నిట్‌లో ట్రాన్స్‌పోర్టేషన్ ఎంటెక్, ప్లానింగ్ మీద ఆసక్తి ఉంటే మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ, కంప్యూటర్స్ వాళ్లకు ట్రిపుల్‌ఐటీ-హైదరాబాద్‌లోని స్పేషియల్ ఇన్ఫర్మాటిక్స్ ల్యాబ్. డిగ్రీలో జాగ్రఫీ చదివినవారికి జీఐఎస్ కలిస్తే అవకాశాలు పెరుగుతాయి. పైసా ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే క్యూజీఐఎస్ ఉచిత సాఫ్ట్‌వేర్. దెహ్రాదూన్‌లోని ఐఐఆర్ఎస్ ఉచిత ఆన్‌లైన్ కోర్సులు కూడా నిర్వహిస్తుంది.

సర్టిఫికెట్ కంటే చేసిన పని చూపిస్తే ఇంటర్వ్యూలో బాగా నిలబడుతుంది. ప్రపంచ ప్రసిద్ధి చెందిన లండన్ అండర్‌గ్రౌండ్ మ్యాపు గీసిన హ్యారీ బెక్ డ్రాఫ్ట్స్‌మన్. ఉద్యోగం పోయి ఖాళీగా ఉన్న రోజుల్లో, 1931లో తనంతట తానే ఆ బొమ్మ వేశారు. అధికారులు ముందు వద్దన్నారు. 1933లో ముద్రించాక జనం ఎగబడి తీసుకున్నారు. ఇప్పుడు మన మెట్రో గోడ మీదున్న మూడు రంగుల బొమ్మ కూడా ఆ వంశానిదే.

పరీక్షలో ఇలా అడగొచ్చు

గ్రూప్స్ అభ్యర్థులు ఈ అంశాన్ని పట్టణీకరణ, సుపరిపాలన రెండింటికీ వాడుకోవచ్చు. సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 11.2.. 2030 నాటికి అందరికీ సురక్షితమైన, భరించగలిగే ధరలో రవాణా అందాలంటోంది. అందుబాటును కొలిచేటప్పుడు బస్టాపైతే 500 మీటర్లు, రైలు లాంటివైతే కిలోమీటరు దూరాన్ని ప్రమాణంగా తీసుకుంటారు. 2006 జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాల కంటే మనుషుల కదలికకు ప్రాధాన్యం ఇవ్వాలంది. 'స్టాపు 500 మీటర్లలోనే ఉంది, కానీ అక్కడికి ఏ బస్సు వస్తుందో తెలియదు. అందుబాటులో ఉన్నట్టా, లేనట్టా?' అన్న ప్రశ్న వేసుకుని మీ జవాబు రాయండి. అందరూ రాసే వ్యాసం కంటే భిన్నంగా ఉంటుంది.

ఈ వారమే చేయగలిగింది..

మ్యాపు వచ్చేదాకా ఆగక్కర్లేదు. పరీక్షకు ముందు రోజే సెంటర్ దాకా బస్సులో వెళ్లి రండి. ఎక్కిన స్టాపు, నంబరు, మారిన చోటు, పట్టిన సమయం ఓ కాగితం మీద రాసుకోండి. మీ హాస్టల్లో పదిమంది పది సెంటర్లకు వెళ్లొస్తే పది రూట్లు. వాటిని ఒక చార్టు మీద వేసి, తేదీ రాసి, స్టడీ హాల్ గోడకు అతికించండి. ఎవరైనా సవరించగలిగే ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో మీ వీధి బస్టాపు పేరు తెలుగులో ఉందో లేదో చూసి, లేకపోతే మీరే చేర్చండి.

వచ్చే నెల ఏ మంచిర్యాల నుంచో, వనపర్తి నుంచో ఓ కొత్త కుర్రాడు బ్యాగుతో ఆ హాస్టల్లో దిగుతాడు. వాడి మొదటి పరీక్షకు దారి ఆ గోడ మీద ఉంటుంది.